ఇంటి జాగా, పెంటగుంట, చెరువు నీరు



మడికొండ అనగానే కొందరికి మెట్టుగుట్ట జ్ఞాపకం వస్తుంది. గుట్టమీద శివుడికొక గుడి, రాముడికొక గుడి, రాళ్ళ నడుమ నీటి గుండాలు. చదువుకున్నవారికి ఇది కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరని, ‘పోతన చరిత్రము’ వ్రాసిన వానమామలై వరదాచార్యులు పుట్టిన ఊరని జ్ఞాపకం వస్తుంది. వరంగల్లు పట్టణంలో ఉండేవారిని అడిగి చూడండి. చాలామంది “మా చెత్తబండ్లు పోయేది ఆ దిక్కే కదా” అంటారు. వినడానికి కష్టంగానే ఉంటుంది. అయినా ఈ వ్యాసం నడిచేది ఆ మాట చుట్టూనే.

ఇల్లు కట్టడానికి అనుమతి, చెత్తను ఎరువు చేయడం, నీటికి లెక్క కట్టడం. ఈ మూడూ నేడు మూడు వేరు పనులు. మూడింటికి మూడు కార్యాలయాలు, మూడు దరఖాస్తులు. ఒకప్పుడు ఇవి ఒకే ఊరి లెక్కలో ఉండేవి. ఆ లెక్క ఎట్లా నడిచింది, ఎప్పుడు విడిపోయింది, విడిపోయినందున మడికొండ వంటి ఊరి రైతుకు ఏమి పోయింది అన్నది మీ ముందు పెడతాను.

కాకతీయుల చెరువుల గురించి మీరు ఎన్నోసార్లు విన్నారు గనుక నాలుగు మాటలతో ముందుకు పోదాం. గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు ఏలినాడు. ఆయన కాలంలోనే, 1213లో, రేచర్ల రుద్రుడు రామప్ప గుడి ప్రతిష్ఠ చేయించాడు. పాకాల చెరువును జగదాల ముమ్మడి కట్టించాడు. ఇవన్నీ పేరుగల పెద్ద చెరువులు. మనకు వాటికన్న ముఖ్యమైనది ఊరూరి చిన్న చెరువుల గొలుసు. మీది చెరువు నిండితే మత్తడి దుంకి, ఆ నీరు వాగులోపడి కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని కిందిది. ఈ గొలుసులో చెరువు ఎంత ముఖ్యమో, చెరువుకూ చెరువుకూ నడుమనున్న కాలువ అంత ముఖ్యం. చెరువు అందరికీ కనబడుతుంది. కాలువ మాత్రం ఎండాకాలంలో ఒట్టి పల్లపు జాగా మాదిరి కనబడుతుంది. దాన్ని చూచి “ఇక్కడ ఇల్లు కడితే ఏమవుతుంది?” అని అనిపించడం సహజమే. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో తరువాత పని పడుతుంది.

ఇక ఊరి లెక్క ఎట్లా నడిచిందో చూడండి. ఎండలు ముదిరి చెరువు అడుగు తేలితే పూడిక మన్ను తీసేవారు. కొంత పొలానికి పోయేది, కొంత ఇంటి గోడకు పోయేది. ఇంట్లో ఊడ్చిన చెత్త, కొట్టంలోని పేడ, పొయ్యిలోని బూడిద పెంటకుప్పకు చేరి, తొలకరికి ముందు బండ్లమీద పొలానికి పోయేవి. వానకు పొలంలో నుంచి కొట్టుకుపోయిన ఒండ్రు మళ్ళీ చెరువుకే వచ్చేది. ఇట్లా మన్ను ఊరు దాటిపోకుండా ఊళ్ళోనే తిరుగుతుండేది. నీళ్ళ వంతులు చూడడానికి నీరటికాడు ఉండేవాడు. ఏ తూము ఎప్పుడెత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి అన్నది అతనికే తెలుసు.

అయితే అదంతా రామరాజ్యమని చెబితే అబద్ధమవుతుంది. ఆ పెంట ఎత్తినదెవరు? ఆ కట్టకు మన్ను మోసినదెవరు? దొరల పొలానికి కూలి లేకుండా వెట్టి చేసినవారే చాలా చోట్ల ఆ పని చేశారు. మాదిగ, మాల వాడలు ఊరికి దూరంగా, మంచి జాగా వదలి ఉండేవి. ఊరి లెక్క ఒకటిగా ఉన్నమాట నిజం. ఆ లెక్కలో అందరి వాటా ఒకటి కాదన్న మాటా నిజం. 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో జరిగిన రైతాంగ పోరాటానికి మూలాలు ఈ వెట్టిలోనే ఉన్నాయి.

నిజాం కాలంలో ఈ లెక్క కాగితం మీదికి ఎక్కింది. సర్వే చేసి సేత్వార్ వ్రాశారు. ఏటేటా పహాణీలో పంట ఎక్కించారు, ఫైసల్ పట్టీలో మార్పులు చూపారు. ఇండ్లు ఉండే జాగాను గ్రామకంఠం అన్నారు. దానికి భూమిశిస్తు లేదు. చెరువు నిండినప్పుడు నీట మునిగే నేలను శిఖం అని వేరుగా చూపారు. పట్వారీ దఫ్తరంలో ఇంటి జాగా, చెరువు జాగా, పొలం జాగా ఒకే నక్షామీద కనబడేవి. పట్వారీలందరూ న్యాయంగా వ్రాశారని ఎవరూ అనరు. దఫ్తరం వారి ఇంట్లో ఉండేది గనుక అధికారమూ వారి ఇంట్లోనే ఉండేది. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు ఊళ్ళలో సంతోషించినవారే ఎక్కువ. కాని ఊరినంతటినీ ఒకే చూపులో చూచే దఫ్తరం అంటూ ఒకటి పోయిందన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

మధ్యలో జరిగినది కొంత చెప్పాలి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు పోయాయి, 1950లో కౌలుదారు చట్టం వచ్చింది. 1952 అక్టోబరు 2న దేశమంతటా సమాజాభివృద్ధి పథకం ఆరంభమైంది. దానితో ఊళ్ళలోకి ఒక కొత్త మనిషి వచ్చాడు, గ్రామసేవకుడు. సైకిలు మీద వచ్చి, రచ్చబండ దగ్గర దిగి, “గుంట తవ్వినారా?” అని అడిగేవాడు. ఊరివారికి నవ్వు వచ్చేది. తాతముత్తాతలనాటి పెంటకుప్ప ఉండగా మళ్ళీ గుంట ఎందుకని వారి ప్రశ్న.

ఆ గుంట వెనుక ఒక కథ ఉన్నది. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఇందూరులో 1924 నుంచి 1931 వరకు పనిచేశాడు. పెంటకుప్ప ఎండకు ఎండి, వానకు నాని, సారమంతా గాలిపాలు, నీటిపాలు అవుతున్నదని ఆయన గమనించాడు. చెత్త, పేడ, మన్ను పొరలు పొరలుగా వేసి, తడి చూచుకుంటూ, కొన్ని వారాలకొకసారి తిరగవేస్తే మూడు నాలుగు నెలలలో మంచి ఎరువు అవుతుందని చూపాడు. యశ్వంత్ వాడ్ అనే మన దేశీయుడు ఆయనతో కలిసి పనిచేశాడు. ఇద్దరూ కలిసి 1931లో పుస్తకం ప్రకటించారు. దీనికే ఇందూరు పద్ధతి అని పేరు. ఇది ఆయన సొంత ఊహ అని చెప్పలేము. చైనా, జపాను రైతులు నలభై శతాబ్దాలుగా చేస్తున్నదాన్ని గురించి కింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడి పుస్తకం 1911లోనే వచ్చింది. హోవర్డ్ దానిని శ్రద్ధగా చదివాడు.

పట్టణం చెత్త సంగతి వేరు. దాన్ని తిరగవేసే ఓపిక, మనుషులు పురపాలక సంఘాలకు లేవు. 1939లో బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య మరొక దారి కనిపెట్టారు. కందకం తవ్వి, చెత్తా మలమూ పొరలుగా నింపి, పైన మన్ను కప్పి వదిలేయడం. తిరగవేయనక్కరలేదు, ఐదారు నెలలకు ఎరువు సిద్ధం. ఇది బెంగుళూరు పద్ధతి. అంటే 1939 నాటికే పట్టణం చెత్తను పక్క ఊరి పొలానికి పనికివచ్చే ఎరువుగా మార్చే ఉపాయం మన చేతిలో ఉన్నది. తరువాత ఎనభై ఏండ్లు మనం ఏం చేశామన్నది వేరే ప్రశ్న.

పంచాయతీల సంగతికి వద్దాం. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం నివేదిక ఇచ్చింది. 1959లో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. 1964లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు రెండింటికీ ఒకే గ్రామపంచాయతీల చట్టం వచ్చింది. ఇల్లు కట్టుకోవాలంటే పంచాయతీ అనుమతి, వీధి ఊడ్పు పంచాయతీ పని, తాగునీటి బావి పంచాయతీ బాధ్యత. పట్వారీ ఇంటినుంచి లెక్క పంచాయతీ గదికి వచ్చినట్లే ఉండింది. పూర్తిగా వచ్చిందా అంటే, లేదు. శిఖం రెవిన్యూవారి చేతిలో, కట్టా తూమూ నీటిపారుదలవారి చేతిలో మిగిలాయి. పైగా యూరియా బస్తా, కరెంటు మోటారు ఊళ్ళోకి వచ్చాయి. బస్తా వచ్చాక పెంటకుప్ప చిన్నబోయింది. బోరు వచ్చాక నీరటికాడి అవసరం తగ్గింది. తప్పు బస్తాదీ కాదు, బోరుదీ కాదు. చెరువును, ఎరువును చూచుకోవలసిన పని ఎవరి మెడమీదా లేకుండా పోయింది, అంతే.

ఇక్కడ రాజ్యాంగం సంగతి ఒకటి చెప్పాలి. కొంచెం ఓపికగా చదవండి, మడికొండ రైతుకు అసలు మెలిక ఇక్కడే ఉన్నది. 1992లో పార్లమెంటు 73, 74వ సవరణలు ఆమోదించింది. పంచాయతీలకు అప్పగించదగిన విషయాలు 29 అని పదకొండవ షెడ్యూలులో వ్రాశారు. పట్టణ సంఘాలకు 18 విషయాలని పన్నెండవ షెడ్యూలులో వ్రాశారు. పంచాయతీ జాబితాలో మొట్టమొదటి మాటే వ్యవసాయం. మూడోది చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం. పట్టణ జాబితా చూడండి. భవన నిర్మాణాల క్రమబద్ధీకరణ ఉన్నది, ఇండ్లకూ పరిశ్రమలకూ నీటి సరఫరా ఉన్నది, చెత్త నిర్వహణ ఉన్నది. వ్యవసాయం లేదు. చెరువు కింద సాగు లేదు.

వరంగల్లుకు 1899లోనే పురపాలక సంఘం ఏర్పడింది. 1994లో అది నగరపాలక సంస్థ అయింది. 2013లో చుట్టుపట్ల 42 గ్రామపంచాయతీలను అందులో కలిపారు. మడికొండ కూడా నగరంలోని డివిజన్లలోకి చేరింది. 2015 జనవరిలో దానికి మహా వరంగల్ నగరపాలక సంస్థ అని పేరు వచ్చింది. మరునాడు పొద్దున రైతు లేచి చూస్తే పొలం అక్కడే ఉన్నది, చెరువు అక్కడే ఉన్నది. కాని 29 విషయాల జాబితా పోయి 18 విషయాల జాబితా వచ్చింది. తన వార్డు ప్రతినిధిని కలిసి ఇంటి అనుమతి అడగవచ్చును, నల్లా అడగవచ్చును, చెత్తబండి అడగవచ్చును. తూము బాగుచేయమని అడిగితే అది మా జాబితాలో లేదనే జవాబు వస్తుంది. ఊరు పట్టణమైతే భూమి ధర పెరుగుతుందని అందరూ చెప్పారు. ఈ జాబితా మారుతుందని చెప్పినవారు తక్కువ.

ఇక దిబ్బ సంగతి. వరంగల్లు నగరం చెత్త మడికొండ–రాంపూర్ శివారుకు చేరుతూ వచ్చింది. ఏండ్ల తరబడి తడీ పొడీ కలిపి పోయడంతో అది గుట్ట అయింది. ఎండాకాలంలో అంటుకుంటే పొగ ఊరిమీదికి వచ్చేది. మనిషికి దగ్గు, పశువుకు కళ్ళనీళ్ళు. వాన పడితే దిబ్బలోనుంచి ఊరే నల్లనీరు పల్లానికి పోవడం తప్పదు. ఆ పల్లాన ఉండేది ఎవరి పొలమో, ఎవరి బావో చెప్పనక్కరలేదు.

వరంగల్లు ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. ఆల్మిత్రా పటేల్ అనే ఆమె 1996లో పట్టణాల చెత్తమీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యం ఫలితంగా 2000లో దేశమంతటికీ నియమాలు వచ్చాయి. 2012 అక్టోబరులో వరంగల్లులో క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ అనే పోటీ పెట్టారు. ఇతర పట్టణాల పురపాలక సిబ్బంది కూడా వచ్చి, జట్లుగా ఇంటింటికీ తిరిగి తడిచెత్త, పొడిచెత్త వేరుచేయించారు. వరంగల్లు పేరు దేశమంతా వినబడింది. 2016లో వచ్చిన నియమాలు ఇంటివద్దనే మూడుగా వేరుచేయాలన్నాయి: తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త. ఈ మధ్య సంవత్సరాలలో పాత దిబ్బను తవ్వి జల్లెడపట్టే పని, దానినే బయో మైనింగ్ అంటున్నారు, అదీ మొదలైంది. పోటీ పెట్టడం సులువు. పోటీ ముగిసిన తరువాత సోమవారం, మంగళవారం, బుధవారం కూడా రెండు బుట్టలు నడిపించడమే కష్టం.

ఒక విచిత్రం గమనించండి. 2018లో తెలంగాణకు కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. 2019 నుంచి పల్లె ప్రగతి పేరుతో రాష్ట్రంలోని 12 వేలకు పైగా పంచాయతీలలో ఊరికొక ట్రాక్టరు, ఒక నర్సరీ, చెత్త వేరుచేసి కంపోస్టు చేసే ఒక షెడ్డు పెట్టే కార్యక్రమం నడిచింది. నగరంలో కలవని ఊళ్ళకు తమ చెత్తను తామే ఎరువు చేసుకునే షెడ్డు వచ్చింది. నగరంలో కలిసిన మడికొండ పక్కన నగరమంతటి దిబ్బ ఉన్నది. పంచాయతీగా మిగిలి ఉంటే బాగుండేదని నేను అనడం లేదు. 2020 జనవరిలో ఇక్కడే ఐ.టి. కంపెనీలు తలుపులు తెరిచాయి, పిల్లలకు ఊరి పక్కనే ఉద్యోగాల ఆశ కలిగింది. కాని చెత్త వచ్చిన దారినే ఎరువు కూడా రావాలి కదా? ఒక టన్ను మంచి పశువుల ఎరువులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాషు ఉంటాయి. పది టన్నులు వేస్తే 50 కిలోల నత్రజని. యూరియా లెక్కన అది 45 కిలోల బస్తాలు రెండున్నరకు కొంచెం తక్కువ. అంతా మొదటి పంటకే అందదు, కొంత మరుసటి పంటకు మిగులుతుంది. నేల గుల్లబారి తడి పట్టుకోవడం దీనికి అదనం. ఆ గుణం బస్తాలో లేదు.

అయితే దిబ్బ మన్నును కళ్ళు మూసుకొని పొలానికి తోలుకోకండి. కలిపిపోసిన చెత్తలో గాజు పెంకులు, బ్యాటరీలు, రంగుల డబ్బాలు ఉంటాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పట్టణ కంపోస్టు కిలోలో సీసం 100 మిల్లీగ్రాములకు, కాడ్మియం 5 మిల్లీగ్రాములకు మించరాదు. ఎవరైనా ఊరికే ఇస్తామన్నా సరే, పరీక్ష కాగితం చూపమనండి. వేరుచేసిన తడిచెత్తతో చేసినదైతే భయం లేదు. 2016లో కేంద్రం పట్టణ కంపోస్టు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సహాయం ప్రకటించింది కూడా. సహాయం ప్రకటించినా, వేరుచేయని చెత్తనుంచి మంచి ఎరువు ఎక్కడిది?

ఇంటి అనుమతి విషయంలో నియమాలు బాగానే పేరుకున్నాయి. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దానినే వాల్టా అంటారు. ఇంటి వాననీరు భూమిలోకి ఇంకే గుంట కట్టాలని, తాగునీటి బావికి 250 మీటర్లలోపు కొత్త బోరు వేయరాదని దానిలో ఉన్నది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు ఉత్తర్వు చెరువు సంగతి తేల్చింది. పది హెక్టార్లు, అంతకుమించిన చెరువైతే నిండు నీటిమట్టం గీతకు 30 మీటర్ల దాకా, చిన్న చెరువైతే 9 మీటర్ల దాకా ఇల్లు కట్టరాదు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపయితే 2 మీటర్లు వదలాలి. 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాలలోపు జాగాలో చిన్న ఇంటికి అనుమతి అక్కరలేదు, ఒక రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరి. 600 గజాలలోపు జాగాలో 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి యజమాని తానే ధ్రువీకరిస్తే వెంటనే అనుమతి. అంతకుమించినదానికి 21 రోజుల గడువు. కార్యాలయం చుట్టూ తిరిగి చెప్పులరగదీసినవాడికి ఇది పెద్ద మేలు. కాని “నా జాగా నాలామీద లేదు” అని తానే వ్రాసి ఇచ్చే మనిషికి నాలా ఎక్కడ ఉన్నదో తెలియాలి. పాత నక్షాలోని పల్లపు గీత అతనికి చూపేదెవరు?

ఆ గీత సంగతి వాన చెప్పింది. 2020 ఆగస్టులో వరంగల్లు, హనుమకొండ వీధులు మునిగాయి. నయీంనగర్ నాలా పొంగింది. నాలాలమీది కట్టడాలు తొలగించడానికి యంత్రాలు దిగాయి. 2023 జూలైలో మళ్ళీ వానలు, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మునిగిన ఇండ్లలో అనుమతి కాగితం ఉన్నవి కూడా ఉన్నాయి. నీరు కాగితం చదవదు, పల్లం చూస్తుంది. మీది చెరువు మత్తడి దుంకిన నీటికి కింది చెరువు దారి మూసుకుపోతే, అది ఎవరి వాకిట్లోనుంచో పోవలసిందే.

చెరువుల వైపు మంచి పని జరగలేదా? జరిగింది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలై రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను లెక్కకట్టి, విడతలుగా పూడిక తీయించింది. రైతులు సొంత ట్రాక్టర్లతో ఆ మన్ను పొలాలకు తోలుకున్నారు. పాత ఊరి లెక్క కొన్ని ఎండాకాలాలపాటు మళ్ళీ నడిచిందన్నమాట. మడికొండకు దగ్గరలోని ధర్మసాగర్‌కు దేవాదుల ఎత్తిపోతల గోదావరి నీరు చేరింది. నగరానికి తాగునీరు అక్కడినుంచి పోతుంది. అంటే నగరం నీరు మన పక్కనుంచి తీసుకుంటుంది, చెత్త మన పక్కకు పంపుతుంది. ఈ రెండింటి నడుమ ఎరువు అన్న మూడో బండి ఒకటి నడవవలసి ఉన్నది.

ఇప్పుడు మీరు చేయగలిగినది. జాగా కొనేముందు, ఇల్లు కట్టేముందు రెవిన్యూ కార్యాలయంలో గ్రామ నక్షా, నీటిపారుదలవారి దగ్గర మీ చెరువు నిండు నీటిమట్టం పటం అడగండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజులలో జవాబు రావాలి. వార్డు సభలో తూము మాట ఎత్తితే మాది కాదంటారు. అప్పుడు అది ఎవరిదో వ్రాసి ఇమ్మనండి.

పశువులున్నవారు గుంట తవ్వండి. లోతు మూడడుగులకు మించనివ్వకండి, పొడవు వెడల్పులు మీ పశువుల లెక్కను బట్టి. నీరు నిలవని మెరకన, బావికి దూరంగా ఉండాలి. ఆరంగుళాల చెత్త, దానిపైన రెండంగుళాల పేడనీళ్ళు, ఇట్లా నేలకు అడుగు ఎత్తు లేచేదాకా నింపి, పైన మన్నుతో అలకండి. దీపావళి వెళ్ళాక నింపిన గుంట ఐదారు నెలలకు, రోహిణి కార్తె నాటికి బండికి ఎత్తేటట్లు ఉంటుంది.